అవసరం చిన్నది, అడగమంటున్నది పెద్దది

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు రాసిన పెద్ద ఉత్తరానికి ఇది సంక్షిప్త రూపం. ఆమె చరిత్ర విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. రెండు వందల ఏళ్ల కిందటి వర్తకులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల మీద పనిచేస్తున్నారు. అప్పు తీర్చలేనివాడు గడువు ఎలా అడిగేవాడు, ఇచ్చినవాడు ఏ మాటలతో ఒప్పుకునేవాడు, ఏ దశలో తెగతెంపులకు సిద్ధపడేవాడు అన్నది ఆమె రాస్తున్న పుస్తకానికి విషయం. పుస్తకం సగం పూర్తయింది. మిగతా సగానికి రెండు వేర్వేరు దేశాల్లోని ఆర్కైవులలో కొన్ని వారాల చొప్పున కూర్చోవాలి, ఆ తర్వాత పాఠాల భారం లేని ఒక సెమిస్టరు దొరకాలి. తనకు కావలసింది అంతేనని ఆమె రాశారు.

విభాగాధిపతి ఆలోచన వేరు. బయటి సంస్థల నుంచి పెద్ద గ్రాంటు తేనివారి పదోన్నతి ఫైలును తాను గట్టిగా సమర్థించలేనని ఆయన సమావేశంలో అందరి ముందూ అన్నారు. ఈమె ఫైలు సమీక్షకు వచ్చేది రెండేళ్లలో. ఇంతలో కంప్యూటర్ సైన్స్ విభాగంలోని ఒక సహోద్యోగి, పాత చేతిరాతను సాఫ్ట్‌వేర్‌తో చదివించే అయిదేళ్ల ప్రాజెక్టుకు ప్రతిపాదన రాస్తూ, ఈ ఉత్తరాల సంపుటాన్నే అందుకు ఆధారంగా తీసుకుందామని, సహ పరిశోధకురాలిగా చేరమని అడిగారు. గడువు మూడు నెలల్లో ఉంది. విభాగాధిపతి ఇంకో మెట్టు పైకెక్కి, సహ పరిశోధకురాలిగా సరిపెట్టుకోకుండా ఈమే ఒక పెద్ద గ్రాంటుకు నాయకత్వం వహించాలని అంటున్నారు. ఆమె మూడు ప్రశ్నలు అడిగారు. అవసరం లేని డబ్బు అడగడం ఒక రకమైన మోసం కాదా? అడగకపోతే ఉద్యోగానికి ముప్పు వస్తుందా? సహోద్యోగికి తన సందేహాలు చెప్పాలా, చెప్పకుండా సంతకం పెట్టాలా?

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు విషయాలు ఒకే ముడిలో పడి ఉన్నాయి. మీ పుస్తకానికి ఏం కావాలన్నది ఒకటి, పదోన్నతికి ఏం కావాలన్నది రెండోది, విభాగానికి ఏం కావాలన్నది మూడోది. విభాగాధిపతి మాటల్లో ఈ మూడూ కలిసిపోయి వినిపించడం వల్లే మీకు ఇది నైతిక సంకటంలా తోస్తోంది. విడదీసి చూస్తే ఇందులో నైతికమైన భాగం మీరు అనుకున్నంత పెద్దది కాదు, ఆచరణకు సంబంధించిన భాగం మాత్రం మీరు అనుకున్నదానికంటే పెద్దది.

మూడోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది సాధారణంగా ఎవరూ పైకి చెప్పరు. బయటి గ్రాంటులో రెండు రకాల డబ్బు ఉంటుంది. ప్రయాణాలు, జీతాలు, పరికరాల వంటి నేరు ఖర్చులు ఒక రకం. భవనం, కరెంటు, లైబ్రరీ, అకౌంట్స్ కార్యాలయం వంటి వాటి కింద విశ్వవిద్యాలయం తీసుకునే పరోక్ష ఖర్చులు, అంటే ఓవర్‌హెడ్, మరో రకం. యూరోపియన్ యూనియన్ పరిశోధనకు నిధులిచ్చే హొరైజన్ యూరప్ కార్యక్రమం నేరు ఖర్చుల మీద సాధారణంగా 25 శాతం ఓవర్‌హెడ్ చెల్లిస్తుంది. బ్రిటన్ పరిశోధన మండళ్లు ప్రాజెక్టు పూర్తి ఖర్చును ఓవర్‌హెడ్‌తో సహా లెక్కగట్టి, సాధారణంగా అందులో 80 శాతమే ఇస్తాయి, మిగిలింది సంస్థ భరించుకోవాలి. లెవర్‌హ్యూమ్ ట్రస్ట్ లాంటి దాతృత్వ సంస్థలు ఓవర్‌హెడ్ అసలే ఇవ్వవు. కాబట్టి ఒకే మొత్తం గ్రాంటు ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి విభాగానికి లాభం కావచ్చు, బరువూ కావచ్చు. మీ విభాగాధిపతి "పెద్దది" అన్నప్పుడు ఆయన మనసులో మొత్తం ఉందా, ఓవర్‌హెడ్ ఉందా, పేరు ఉందా అన్నది తెలియకుండా మీరు ఆయనను తృప్తిపరచలేరు. ఇందులో ఆయనను తప్పుపట్టనక్కరలేదు. విభాగం బడ్జెట్‌కు జవాబు చెప్పుకోవలసిన మనిషి ఆయన. అయితే అది ఆయన అవసరం. దాన్ని మీ పరిశోధనలో ఉన్న లోటుగా మీ మీద వేసుకోకండి.

ఇక పదోన్నతి. మీ ఉత్తరం మొత్తంలో విభాగాధిపతి నోటి మాట తప్ప నిబంధనల ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. మీ సంస్థ పదోన్నతి నిబంధనల్ని తెప్పించుకుని, అందులో గ్రాంట్ల గురించి రాసిన వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. "గ్రాంటు సాధించి ఉండాలి" అని ఉందా, "నిధుల కోసం చేసిన ప్రయత్నాన్ని చూపాలి" అని ఉందా? ప్రధాన పరిశోధకులుగానే అని ఉందా, సహ పరిశోధకులకూ వర్తిస్తుందా? కనీస మొత్తం అంటూ ఏదైనా ఉందా? అన్ని విభాగాలకూ ఒకే కొలత ఉందా, మానవీయ శాస్త్రాలకు వేరుగా ఉందా? అసలు అలాంటి వాక్యమే కనిపించకపోయినా నేను ఆశ్చర్యపోను. విశ్వవిద్యాలయాల్లో సగం రూల్స్ వరండాల్లో పుట్టి వరండాల్లోనే పెరుగుతాయి. అయినా వాటికి బలం ఉండదని కాదు. గత కొన్నేళ్లలో మీ ఫ్యాకల్టీలో పదోన్నతి పొందినవారిలో ఎంతమందికి పెద్ద గ్రాంటు ఉందో చూస్తే, రాసిన రూలుకూ నడిచే రూలుకూ మధ్య దూరం మీకే తెలుస్తుంది. మీ రెండో ప్రశ్నకు నేను ఇక్కడి నుంచి అవునని గానీ కాదని గానీ చెప్పలేకపోతున్నది అందుకే.

మోసం అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం, మీరు ఎక్కువగా బాధపడుతున్నది దాని గురించే కాబట్టి. చేయదలచుకోని పనిని చేస్తానని రాసి డబ్బు తీసుకోవడం మోసమే, అందులో సందేహం లేదు. కానీ మీరు వర్ణించిన పరిస్థితి అది కాదు. "నాకు కావలసింది ఇంతే" అన్న మీ వాక్యాన్ని మీరే ఒకసారి ప్రశ్నించి చూడండి. డబ్బు లేని చోట ఏళ్ల తరబడి పనిచేసేవారు తమకు తెలియకుండానే డబ్బు లేకుండా జవాబు చెప్పగలిగిన ప్రశ్నలనే వేసుకోవడానికి అలవాటు పడతారు. మీరు కొన్ని వందల ఉత్తరాలను దగ్గరగా చదివి, గడువు అడిగే తీరును పట్టుకున్నారు. ఆ తీరు ఒక నగరానిదా, ఒక కుటుంబానిదా, ఆ కాలమంతటికీ చెందినదా అన్నది తేలాలంటే వేల ఉత్తరాలు చూడాలి, అది ఒక్క మనిషి కళ్లతో అయ్యేది కాదు. ఆ ప్రశ్న మీలో ఎప్పుడైనా తలెత్తి, అసాధ్యమని పక్కన పెట్టి ఉంటే, పెద్ద ప్రాజెక్టు అవసరం నిజమైనదే. ఎప్పుడూ తలెత్తలేదు, ఇప్పుడు కూడా ఆసక్తి లేదు అనుకుంటే మాత్రం, గుండీ దొరికిందని చొక్కా కుట్టించుకున్నట్టే అవుతుంది. ఆ అయిదేళ్లూ మీకు భారంగా గడుస్తాయి, సమీక్షకులు కూడా దాన్ని తొందరగానే పసిగడతారు. వారు రోజుల తరబడి ప్రతిపాదనలు చదివేవారు. దరఖాస్తులు కోరుతూ నిధిదాత ఇచ్చిన ప్రకటనలోని పదాలను తిరిగి వల్లించే పేరాలకూ, ప్రశ్న నిజంగా వేధిస్తున్న మనిషి రాసిన పేరాలకూ తేడా వారికి తెలుసు.

మీ ముందున్న దారుల్లో మొదటిది, మీకు ఇప్పుడే స్పష్టంగా తెలిసిన అవసరానికి చిన్న గ్రాంటు అడగడం. ఆర్కైవు ప్రయాణాలకూ, పాఠాలు చెప్పే ప్రత్యామ్నాయ అధ్యాపకుల జీతానికీ విడిగా నిధులిచ్చే సంస్థలు ఉన్నాయి. బ్రిటిష్ అకాడమీ చిన్న పరిశోధన గ్రాంట్లు 10,000 పౌండ్లకు మించవు. లెవర్‌హ్యూమ్ ట్రస్ట్ ఫెలోషిప్పుల డబ్బులో పెద్ద భాగం పరిశోధకుల స్థానంలో పాఠం చెప్పేవారికి వెళుతుంది. ఇవి బ్రిటన్‌లో పనిచేసేవారికి ఉద్దేశించినవి, మీకు అర్హత ఉన్న సంస్థలు వేరు కావచ్చు, కానీ ఈ తరహా పథకాలకు వెతకండి. ఇలాంటి గ్రాంటు వస్తే పుస్తకం పూర్తవుతుంది, లెక్కలు చెప్పడం సులువు, "బయటి నిధులు" అన్న శీర్షిక కింద ఒక పంక్తి పడుతుంది. దీని లోపం మీకు ముందే తెలుసు. ఓవర్‌హెడ్ దాదాపు ఉండదు, విభాగాధిపతి ముఖం వికసించదు. ఇంకొక సంగతి, చిన్న గ్రాంటు కాబట్టి సులభంగా వస్తుందనుకోకండి. అర్హమైన దరఖాస్తులు డబ్బుకు మించి రావడంతో బ్రిటిష్ అకాడమీ 2022 నుంచి ఈ గ్రాంట్లకు, నాణ్యత పరీక్ష దాటిన దరఖాస్తుల మధ్య లాటరీ వేసే పద్ధతిని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. స్విస్ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కూడా సరిహద్దు మీద సమానంగా నిలిచిన వాటి విషయంలో చీటీ తీస్తుంది. ఇచ్చేవారే పైకి ఒప్పుకుంటున్న ఈ అదృష్టం పాలును మీ ఫైలులో తిరస్కరణను వివరించేటప్పుడు ధైర్యంగా పేర్కొనవచ్చు.

రెండోది సహోద్యోగి ప్రాజెక్టులో చేరడం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉండాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో కనిపించని శ్రమ అంతా ఇక్కడే ఉంది. చేతిరాతను చదివే సాఫ్ట్‌వేర్ దానంతట అది చదవడం నేర్చుకోదు. నిపుణులు పుటకు పుట చదివి, పంక్తికి పంక్తి సరిచూసి ఎత్తిరాసిన పాఠంతో దానికి శిక్షణ ఇవ్వాలి. ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న ట్రాన్స్‌క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్ విషయంలో, ఒక చేతిరాతను చదివే మోడల్ తయారుచేయాలంటే 5,000 నుంచి 15,000 పదాల వరకు, అంటే సుమారు 25 నుంచి 75 పుటల వరకు, ఇలా ఎత్తిరాసిన పాఠం కావాలన్నది మార్గదర్శకం. మీ వర్తకుల ఉత్తరాలు ఒకే చేతిరాతలో ఉండవు కదా! గుమాస్తా మారినప్పుడల్లా రాత మారుతుంది, సంక్షిప్తాక్షరాలు మారతాయి, అంకెలు వేసే తీరు మారుతుంది. ఆ ఎత్తిరాత చేయగలిగినది ఆ ప్రాజెక్టులో మీరొక్కరే. ప్రతిపాదనలో "శిక్షణ దత్తాంశం తయారీ" అని ఒక పంక్తిలో ముగిసిపోయే పని నిజానికి మీ ఏడాదో, ఏడాదిన్నరో అవుతుంది. బడ్జెట్‌లో దానికి జీతంతో ఒక పరిశోధన సహాయకుల పోస్టు, మీ సమయంలో ఇంత శాతమని లెక్క, ఆ మేరకు పాఠాల తగ్గింపు లేకపోతే, ఆ ప్రాజెక్టు మీ పుస్తకాన్ని మింగేస్తుంది.

అందువల్ల చేరాలనుకుంటే బడ్జెట్ ఖరారు కాకముందే కొన్ని విషయాలు కాగితం మీదికి రావాలి. ఎత్తిరాసిన పాఠం ఎవరి పేరుతో, ఎప్పుడు బయటపెడతారు, మీ పుస్తకం వచ్చేదాకా ఆగుతారా? సహాయకులను ఎంపిక చేసేది ఎవరు? మీ భాగం డబ్బును ఖర్చుపెట్టే అధికారం మీ విభాగంలో ఉంటుందా, కంప్యూటర్ సైన్స్ విభాగంలోనా? సాంకేతిక పత్రాలలో మీ పేరు ఉంటుందా, చరిత్ర వ్యాసాలలో ఆయన పేరు ఉంటుందా? ఇవి మీ సహోద్యోగి మీద అనుమానంతో అడిగే ప్రశ్నలు కావు. మీరు రాసినదాన్ని బట్టి ఆయన నిజాయితీపరుడే. కానీ కంప్యూటర్ సైన్స్‌లో ఒక సమావేశ పత్రం కొన్ని నెలల్లో అచ్చవుతుంది, మీ రంగంలో పుస్తకానికి ఏళ్లు పడతాయి. అలవాట్ల తేడా నుంచి వచ్చే తగాదాలు మంచివారి మధ్య కూడా వస్తాయి. ఆర్కైవు అనుమతి సంగతి కూడా చూడండి. సొంత అధ్యయనానికి ఫోటోలు తీసుకోనిచ్చిన ఆర్కైవు, వాటిని బయటి సర్వర్‌లోకి ఎక్కించడానికీ ప్రచురించడానికీ ఒప్పుకుంటుందని అనుకోలేం. ఆ అనుమతి పత్రం లేకుండా రాసిన ప్రతిపాదనలో, మొత్తం ప్రాజెక్టు ఆధారపడిన గోడే లేదని ఏ సమీక్షకుడైనా రాయగలడు.

మూడోది, విభాగాధిపతి కోరినట్టు మీరే పెద్ద గ్రాంటుకు ప్రధాన పరిశోధకురాలిగా వెళ్లడం. ఉదాహరణకు యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంటు అయిదేళ్లకు 15 లక్షల యూరోల వరకు ఇస్తుంది, కానీ గ్రహీత తన పని సమయంలో కనీసం సగం ఆ ప్రాజెక్టుకే కేటాయించాలని షరతు పెడుతుంది. పైగా ఆ డబ్బులో అధిక భాగం మనుషుల జీతాలకు పోతుంది. నలుగురిని నియమించి, వారి ఒప్పందాలు, సెలవులు, థీసిస్‌లు, నివేదికలు చూసుకునే మనిషిగా మీరు మారతారు. కొందరికి అది నచ్చుతుంది, ఆ పనిలో వారు వికసిస్తారు. మీ ఉత్తరం చదివితే మీకు ఆర్కైవులో ఒంటరిగా కూర్చోవడంలోనే ఆనందం ఉన్నట్టు నాకు అనిపించింది, నా ఊహ తప్పు కావచ్చు. ఇంకో చిక్కు ఉంది. అదే కౌన్సిల్‌లో తొలి దశలోనే తక్కువ శ్రేణి వచ్చిన దరఖాస్తుదారులు కొంతకాలం మళ్లీ దరఖాస్తు చేయడానికి వీలులేదు. ఇలాంటి నిబంధన ఉన్న చోట, మూడు నెలల్లో హడావిడిగా రాసినదానితో వెళ్లడం అంటే, తర్వాత బాగా రాయగలిగిన అవకాశాన్ని ఇప్పుడే ఖర్చుచేయడం. మీ సమీక్షకు రెండేళ్లే ఉన్నాయి కాబట్టి ఈ లెక్క మీకు మరీ ముఖ్యం. ఫలితం రావడానికే చాలాసార్లు ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది.

నాలుగోది, ఈ ఏడాది ఏమీ అడగకుండా పుస్తకం పూర్తి చేయడం. దీని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నిబంధనల్లో గ్రాంటు తప్పనిసరి కాదని తేలితే ఇది గౌరవప్రదమైన దారి. తప్పనిసరి అని తేలితే మాత్రం, మంచి పుస్తకం చేతిలో పెట్టుకుని కూడా ఇబ్బందిపడవలసి రావచ్చు.

నా మొగ్గు ఎటో దాచను. మొదటి దారినీ రెండో దారినీ కలిపి నడవడం మీ పరిస్థితికి సరిపోతుందని నాకు అనిపిస్తోంది. పుస్తకానికి చిన్న గ్రాంటు మీ పేరుతో, సహోద్యోగి ప్రాజెక్టులో స్పష్టమైన హద్దులున్న సహ పరిశోధకురాలి పాత్ర. ఈ రెండింటి బడ్జెట్‌లలోనూ ఒకే ఖర్చు రాకుండా చూసుకోవాలి. ఒకే ప్రయాణానికి ఇద్దరి దగ్గర డబ్బు అడగడం దాదాపు అన్ని సంస్థలూ నిషేధించిన పని, దరఖాస్తులోనే మిగతా నిధుల వివరాలు అడుగుతారు కూడా. అయితే ఈ కలయిక వల్ల వచ్చే కష్టం ఒకటుంది. రెండు దరఖాస్తులు, రెండు నివేదికలు, ఇద్దరు నిధిదాతల గడువులు. పాఠాల తగ్గింపు దొరకకపోతే ఇది మంచి సలహా కాదు, అప్పుడు రెండింటిలో ఒకటే ఎంచుకోండి, ముందు పుస్తకాన్నే ఎంచుకోండి.

విభాగాధిపతితో మాట్లాడేటప్పుడు "నాకు పెద్ద గ్రాంటు వద్దు" అని మొదలుపెట్టకండి, అది ఆయనకు నిరాకరణలా వినిపిస్తుంది. ఒక పుట రాసుకుని వెళ్లండి. రెండేళ్లలో ఏ దరఖాస్తు ఎప్పుడు పంపుతారు, అది రాకపోతే తర్వాతిది ఏది, ఈ పనికి విభాగం నుంచి మీకు ఏం కావాలి అన్నవి అందులో ఉండాలి. పాఠాల తగ్గింపు అడగడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు, ఎందుకంటే ప్రతిపాదన కావలసినది మీకంటే ఆయనకు ఎక్కువ. ఆయన ఏది ఒప్పుకున్నా ఆ రోజే "మనం ఇలా అనుకున్నాం" అంటూ మెయిల్ పంపండి. విభాగాధిపతులు మారతారు, రెండేళ్ల తర్వాత మీ ఫైలు చూసే మనిషి ఈయనే కాకపోవచ్చు.

రీసెర్చ్ ఆఫీసు విషయం త్వరగా చెబుతాను. చాలా పథకాల్లో దరఖాస్తు చేసేది వ్యక్తి తరఫున విశ్వవిద్యాలయం, ఒప్పందం కూడా సంస్థతోనే. కాబట్టి వారు బడ్జెట్ సరిచూసి, అధికారం ఉన్నవారు సంతకం చేస్తేనే అది వెళుతుంది. వారి లోపలి గడువు నిధిదాత గడువుకంటే ముందుగా ఉంటుంది. మీ మూడు నెలల్లో నుంచి దాన్ని ఇప్పుడే తీసేసుకోండి. పుటల పరిమితి, అక్షర పరిమాణం వంటివి చిన్న విషయాలుగా తీసుకోకండి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తన ప్రాజెక్టు వివరణకు సాధారణంగా 15 పుటల హద్దు పెడుతుంది, నిబంధన తప్పిన ప్రతిపాదనలను సమీక్షకు పంపకుండానే వెనక్కి తిప్పగలదు. నిధిదాత సంస్థలో ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉంటే, రాయడం మొదలుపెట్టకముందే ఒక పేరా పంపి ఇది మీ పరిధిలోకి వస్తుందా అని అడగండి. కొత్తవారు ఇది పైరవీ అవుతుందేమోనని జంకుతారు. అది వారి ఉద్యోగంలో భాగమే.

మీ మూడో ప్రశ్నకు మాత్రం నాకు సందేహం లేదు, సహోద్యోగికి చెప్పండి. ఎప్పుడు చెబుతారన్నదే ముఖ్యం. ఇప్పుడు చెబితే ఆయన బడ్జెట్‌లో ఎత్తిరాత పనికి చోటు పెట్టగలరు, కావాలంటే వేరే సంపుటాన్ని వెతుక్కోగలరు, మీ పాత్రను తగ్గించి సలహాదారుగా రాసుకోగలరు. రీసెర్చ్ ఆఫీసు అంకెలను ఖరారు చేసిన తర్వాత మీరు వెనక్కి తగ్గితే ఆయన ప్రతిపాదన మొత్తం దెబ్బతింటుంది. సంతకం చేసి గ్రాంటు వచ్చాక తగ్గితే నిధిదాత అనుమతితో ఒప్పందాన్ని సవరించుకోవలసి వస్తుంది. అందువల్ల వచ్చేవారమే కలవండి. ఎత్తిరాతకు ఎన్ని పుటలు, ఎన్ని చేతిరాతలు అవసరమో మీ అంచనాను రాసి తీసుకెళ్లండి, పాఠం విడుదల తేదీ గురించి మీ షరతునూ అదే కాగితం మీద పెట్టండి. ఆయన దాన్ని చూసి బడ్జెట్ తిరగరాయడానికి సిద్ధపడితే, ఆర్కైవుకు అనుమతి కోసం లేఖ మీరిద్దరూ కలిసి ఆ రోజే రాయవచ్చు.